పోర్టులు - సంరక్షకులు

కంప్యూటరు యంత్రభాగాలను అదుపులో ఉంచి, మనిషి కోరిన పనిని వాటిచేత చేయించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఎంత సమర్థమైన వ్యవస్థ అయినా వాడేవారి అవసరాలన్నింటినీ తానొక్కటే తీర్చలేదు. ఉత్తరం వ్రాయాలన్నా, చిత్రాన్ని సరిదిద్దాలన్నా వేర్వేరు ప్రోగ్రాములు కావాలి. వాటిలో అధికభాగం వ్యవస్థను నిర్మించినవారు కాక, ఎక్కడెక్కడో ఉన్న ఇతరులు వ్రాసినవే. అటువంటి ప్రోగ్రాములను ఒక క్రమంలో చేర్చి, తమ వ్యవస్థకు అనువుగా మలచి అందించే ఏర్పాట్లలో ఫ్రీబీఎస్‌డీ పోర్టుల సేకరణ ప్రసిద్ధమైనది.

ఫ్రీబీఎస్‌డీ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వికసించిన యూనిక్స్ సంప్రదాయానికి చెందినది. దాని తొలి విడుదల 1993లో జరిగింది. 1994లో జోర్డన్ హబ్బార్డ్ పోర్టుల పద్ధతికి అంకురార్పణ చేశాడు. నేడు ఈ సేకరణలో 30,000కు పైగా పోర్టులున్నాయి.

పోర్టు అంటే ప్రోగ్రామ్ కాదు. ప్రోగ్రామ్‌ను సిద్ధం చేసే విధానాన్ని తెలిపే కొన్ని చిన్న ఫైళ్ళ కట్ట. ప్రోగ్రామ్ పేరు, దాని సోర్సుకోడ్ లభించే చోటు, అది ఆధారపడే ఇతర ప్రోగ్రాములు, పోర్టు సంరక్షకుని చిరునామా ‘మేక్‌ఫైల్’ అనే ఫైలులో ఉంటాయి. వాడుకరి ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, సోర్సుకోడ్ దిగుమతి అవుతుంది, పరీక్షకు నిలుస్తుంది, అవసరమైన దిద్దుబాట్లు పొందుతుంది, ప్రోగ్రామ్‌గా రూపొంది, మూల వ్యవస్థతో కలిసిపోకుండా ‘లోకల్’ అనే వేరొక చోట స్థిరపడుతుంది. ఇంత నిరీక్షణ అక్కరలేనివారికి ముందుగానే సిద్ధం చేసిన ప్యాకేజీలు కూడా లభిస్తాయి.

పైన చెప్పిన పరీక్ష ఆసక్తికరమైనది. సోర్సుకోడ్ ఫైలునుండి గణించిన ఒక పొడవైన సంఖ్య పోర్టులో నమోదై ఉంటుంది. దిగుమతి అయిన ఫైలులో ఒక్క అక్షరం మారినా సంఖ్య సరిపోదు. పని అక్కడే ఆగిపోతుంది. పూర్వం సంస్కృత వ్రాతప్రతులలో ముప్పైరెండు అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కించి, ఆ మొత్తాన్ని చివర వ్రాసే ఆచారం ఉండేది. లేఖకునికి ప్రతిఫలం నిర్ణయించడానికే కాక, ప్రక్షిప్తాలను పట్టుకోవడానికి కూడా ఆ లెక్క ఉపకరించేది. అయితే ఏ లెక్క అయినా ప్రతి మారలేదని చెప్పగలదే కాని, మూలం నిర్దుష్టమని చెప్పలేదు. ఫైళ్ళను కుదించే ‘ఎక్స్‌జెడ్’ ప్రోగ్రామ్ విషయంలో 2024 మార్చిలో ఈ సంగతి లోకానికి తెలిసివచ్చింది. ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా శ్రమించిన దాని నిర్వాహకునికి సహాయకుడుగా చేరి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి, అధికారిక విడుదలలోనే దొంగదారిని అమర్చాడు. కొన్ని లినక్స్ వ్యవస్థలు దాని లక్ష్యం. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుదలతో శోధించినందువల్ల గుట్టు బయటపడింది.

కనుక పోర్టుకు ప్రాణం దాని సంరక్షకుడే. ఇతడు చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సేవకుడు. మూల రచయిత కొత్త సంచికను వెలువరించినప్పుడల్లా పోర్టును సవరించి, పరీక్షించి, సేకరణలో చేర్చే అధికారం ఉన్నవారికి పంపాలి. ఒక గ్రంథాలయ భాగం మారితే దానిని ఆశ్రయించిన వందల పోర్టులను తిరిగి నిర్మించవలసి రావచ్చు. వాడుకరికీ బాధ్యత ఉన్నది. నవీకరించే ముందు ‘అప్‌డేటింగ్’ అనే ఫైలులోని హెచ్చరికలను చదవాలి. తన కంప్యూటరులోని ప్రోగ్రాములను, తెలిసిన భద్రతాలోపాల జాబితాతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. దీనిని విసుగుపుట్టించే పని అని వదిలివేసేవారే ఎక్కువ.

సవరణ ప్రతిపాదనకు సంరక్షకుడు రెండు వారాలలో బదులివ్వకపోతే ఇతరులు ఆ పని చేయవచ్చు. మూడు నెలలు మౌనంగా ఉంటే అతని పేరును తొలగించవచ్చు. అప్పుడు ఆ పోర్టు అందరిదీ అవుతుంది. అంటే తరచుగా ఎవరిదీ కాదు. కొంతకాలానికి అది పనిచేయకుండా పోతే, దానికొక గడువుతేదీ ప్రకటిస్తారు. ఆలోగా ఎవరైనా ముందుకు వచ్చి బాగుచేస్తే నిలుస్తుంది. లేకపోతే సేకరణనుండి తొలగిపోతుంది. వాడుకరి కంప్యూటరులో ఇదివరకే స్థిరపడిన ప్రోగ్రామ్ మాత్రం ఎప్పటివలెనే పనిచేస్తూ ఉంటుంది. దానికి రావలసిన దిద్దుబాట్లే ఇక రావు.