పాత జీపు అడుగు గీకితే పోయేది తుప్పొక్కటే కాదు

అర్ధవీడు: నల్లమల అంచున ఉన్న ఈ పల్లెల్లో ఎవరి కొట్టంలోనైనా పెద్దల నాటి జీపో, అంబాసిడరో మూలపడి ఉంటే దాని రిజిస్ట్రేషన్ పుస్తకం వెతికి చూసుకోవడం మంచిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. ఆనాడు నెంబరు పడిన బండి అయితే 50 ఏళ్లు దాటినట్టే.

అలాంటి సొంత వాడకపు బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కల్పించాయి. రుసుం 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు. నెంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. బండి మాత్రం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండరాదు. బాడుగకు గానీ, రోజూ తిరగడానికి గానీ వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కాలి.

చిక్కంతా షెడ్డులోనే వస్తుంది. బండిని పైకెత్తగానే వైర్ బ్రష్షుతో అడుగంతా గీకి, నల్లరంగు కొట్టేస్తారు. కింద ఎవరు చూస్తారులే అనుకుంటారు. కానీ పాత బండ్ల పోటీల్లో న్యాయనిర్ణేతలు వంగి అడుగు కూడా చూస్తారు. తెలిసిన కొనుగోలుదారులూ అంతే.

అడుగంటే నలుపేనన్న నమ్మకం అన్ని బండ్లకూ చెల్లదు. జీపుకు ఛాసీ వేరు, దానిపై బోల్టులతో బిగించిన బాడీ వేరు. కనుక రెండింటి రంగులూ వేరు కావచ్చు. అంబాసిడరుకు విడి ఛాసీ లేదు. నేల రేకు బాడీలో భాగమే గనుక పై రంగే కిందికీ పాకి ఉండవచ్చు. సైన్యం నుంచి వచ్చిన జీపైతే తర్వాతి పూతల కింద ముదురు ఆకుపచ్చ దాగి ఉండవచ్చు.

అసలు రంగు తెలుసుకోవడం కష్టం కాదు. ఎండ, నీరు తగలని చోట్లు వెతకాలి. సీటు కింద, పెట్రోలు ట్యాంకు పట్టీల చాటున, బోల్టుల వాషర్ల కింద, గడ్డకట్టిన గ్రీజు అడుగున పాత రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. ముందు కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడవాలి. తర్వాత సన్నటి నీటి ఉప్పు కాగితాన్ని తడిపి రూపాయి బిళ్లంత మేర మెల్లగా రుద్దితే పూతలన్నీ వలయాలుగా బయటపడతాయి. అన్నిటికన్నా అడుగున ఉండేది ప్రైమరు. దాని మీదున్నదే తొలి రంగు. దాన్ని పగటి వెలుతురులో ఫోటో తీసి, ఆ ముక్కకే కొత్త రంగు సరిపోల్చుకోవాలి.

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఒంట్లోకి పోతుంది. తడిపే రుద్దాలి, పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

ఇదంతా అయ్యాకే తుప్పు సంగతి చూడాలి. చాటున అరచేతి మందం పాత రంగును అలాగే వదిలేస్తే రేపు ఎవరు అడిగినా చూపించవచ్చు. నల్లరంగు డబ్బా ఎప్పుడైనా దొరుకుతుంది. గీకేసిన తొలి రంగు మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు.