కంటిలోపల నెత్తురు

తెల్లగుడ్డు మీద ఎర్రని మచ్చ పడితే ఇల్లంతా హడలిపోతుంది. సాధారణంగా అది రెండు మూడు వారాలలో దానంతటదే కరిగిపోతుంది. నిజంగా భయపడవలసినది కంటిలోపలి నెత్తురుకు. అది పైకి కనబడదు; చాలామందికి నొప్పీ ఉండదు. ఉన్నట్టుండి చూపులో నల్లని నలుసులు, బూజు దారాలు తేలుతాయి. లేదా మసక కమ్ముతుంది.

మా చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో చక్కెరజబ్బు ఉన్నవారు కలిసినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: "కళ్లు చూపించుకున్నారా?"

"చూపు బాగానే ఉన్నది గదా!" అంటారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే, కంటి వెనుక ఉండే రెటీనాలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. అప్పుడు పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే, కంటి నిండా ఉండే తెల్లసొన వంటి జిగురులోకి నెత్తురు దిగుతుంది. అంతవరకు చూపు చక్కగానే ఉండవచ్చు. దెబ్బ తగలడం, రెటీనా చిరగడం, అందులోని సిర మూసుకుపోవడం కూడా కారణాలే. 1880లో ఇంగ్లండు వైద్యుడు హెన్రీ ఈల్స్ వర్ణించిన జబ్బు వల్ల మన దేశంలో పడుచువారికీ ఇలా జరుగుతుంది.

చక్కెర ఉన్నవారు ఏటేటా చుక్కల మందు వేయించుకుని, కంటిలోపల పరీక్ష చేయించుకోవాలి. ముందే కనిపెడితే లేజరు చికిత్సతో ఆ నాళాలను అణచవచ్చు. నలుసులు ఒక్కసారిగా కమ్ముకుంటే ఆ రోజే బయలుదేరాలి. చేవెళ్ల బస్సు మొయినాబాదు మీదుగా మెహదీపట్నం చేరుస్తుంది. సరోజినీదేవి కంటి ఆసుపత్రి అక్కడే ఉన్నది.