లైటు వెలిగేలోపు పోయే గాలి

డాష్‌బోర్డు మీద పసుపు రంగులో గుర్రపు నాడా లాంటి గుర్తు, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం వెలిగిందంటే టైరులో గాలి తగ్గిందని అర్థం. ఈ కబురు ఎంత ఆలస్యంగా వస్తుందో మాత్రం చాలామందికి తెలియదు. డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద మీ కారుకు 33 పీఎస్‌ఐ అని రాసి ఉందనుకుందాం. అమెరికా నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గేసరికి, అంటే 24.75 దగ్గర, ఆ లైటు వెలగాలి. ఐరోపా నిబంధన కాస్త నయం. 20 శాతం తగ్గేసరికే, అంటే 26.4 దగ్గర వెలగాలంటుంది. ఏ లెక్కన చూసినా ఏడెనిమిది పీఎస్‌ఐ పోయేదాకా కారు నోరు మెదపకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. టైరును తినేసేది ఆ ఏడెనిమిదే.

సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి చిల్కూరు బాలాజీ గుడికి బయల్దేరే కార్లనే తీసుకుందాం. అవుటర్ రింగ్ రోడ్డు దిగి, అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డెక్కి, మర్రిచెట్ల మధ్య మొయినాబాద్ వైపు సాగే దారి. నగరం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. చిన్న కార్లకు ఎక్కువగా కనిపించే 185/65 ఆర్15 సైజు టైరు వ్యాసం 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత 195. కిలోమీటరుకు 512 చుట్లు. గుడిలో భక్తులు 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకుంటారు, తీరాక వచ్చి 108 చేస్తారు. వాళ్లను అక్కడికి చేర్చేసరికి ఒక్కో టైరు తిరిగేది 15 వేల చుట్ల పైనే.

ఆ చుట్లన్నీ తిరుగుతూనే గాలిని కొలిచి చెప్పే సాధనం ఒక రకం కార్లలో టైరు లోపలే, వాల్వుకు బిగించి ఉంటుంది. బరువు సుమారు 30 గ్రాములు. అందులో గాలి ఒత్తిడికి వంగే సన్నని సిలికాన్ పొర, ఉష్ణోగ్రత కొలిచే చిప్పు, చిన్న రేడియో, నాణెమంత లిథియం బ్యాటరీ ఉంటాయి. కారు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. రిమ్ము మీద కూర్చున్న ఆ సెన్సారును భూమ్యాకర్షణకు 56 రెట్ల బలం బయటికి లాగుతుంది. అంటే 30 గ్రాముల వస్తువు కిలో ఏడువందల గ్రాముల బరువుతో వేలాడినట్టు. అవుటర్ మీద 100 వేగం అందుకుంటే ఆ బరువు నాలుగున్నర కిలోలు దాటుతుంది. టైరు తిరుగుతోందో ఆగిందో సెన్సారు కనిపెట్టేది కూడా ఆ లాగుడును బట్టే. కారు ఆగితే నిద్రపోతుంది, కదిలితే లేస్తుంది, దాదాపు నిమిషానికోసారి 433 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద అంకె పంపుతుంది. గాలి ఒక్కసారిగా పడిపోతే మాత్రం నిమిషం దాకా ఆగదు. ఇంత పొదుపుగా బతుకుతుంది కాబట్టే ఒక బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. బ్యాటరీని సీలు చేసి పెడతారు, అది అయిపోతే సెన్సారే మార్చాలి. ప్రతి సెన్సారుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందుకే గుడి దగ్గర పార్కింగులో వందల కార్లున్నా పక్క కారు పంక్చరు మీ డాష్‌బోర్డులో కనిపించదు.

రెండో రకానికి టైరు లోపల ఏమీ ఉండదు. ఇది లెక్కల మీద నడుస్తుంది. గాలి తగ్గిన టైరు కొద్దిగా కుంగుతుంది, దాని వ్యాసార్థం ఒక శాతంలోపే తగ్గుతుంది. అదే దూరానికి అది మిగతా మూడింటికంటే కాస్త ఎక్కువ తిరగాలి. అర శాతం కుంగిందనుకున్నా చిల్కూరు చేరేలోపు 77 చుట్లు ఎక్కువ. ఆ తేడాను ఏబీఎస్ బ్రేకుల కోసం ప్రతి చక్రం దగ్గరా ముందే ఉన్న వేగం సెన్సారు పట్టుకుంటుంది. పళ్లచక్రానికి 48 పళ్లుంటే 60 వేగంలో సెకనుకు 400 పైచిలుకు సంకేతాలు వస్తాయి. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగూన్ లాంటి కార్లలో ఉన్నది ఈ పద్ధతే. హ్యుందాయ్ క్రెటా పై వేరియంట్లలో మొదటి రకం చూస్తాం.

ఈ రెండో రకంతో చిక్కు ఒకటుంది. అది టైర్లను ఒకదానితో ఒకటి పోల్చుతుంది. నాలుగింటిలోనూ సమానంగా గాలి దిగితే పోల్చడానికి తేడా ఉండదు. కొత్త సాఫ్ట్‌వేర్లు టైరు కంపనాన్ని విని దీన్ని కొంతవరకు సరిదిద్దుతున్నాయి. గాలి కొట్టించాక మెనూలో రీసెట్ నొక్కడం మరవకూడదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే ఆ తక్కువనే సరైనదని నమ్మి కూర్చుంటుంది. లైటు వెలిగిందని చిరాకుపడి రీసెట్ నొక్కేసేవాళ్లు ఉన్న ఒక్క కాపలాదారునీ పంపేస్తున్నారు.

ఇక మన ఎండ, మన చలి. వేడెక్కితే గాలి పీడనం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. 33 పీఎస్‌ఐ ఉన్న టైరులో ప్రతి 10 డిగ్రీలకూ తేడా సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ. మే నెలలో హైవే మీద గంటసేపు నడిపి బంకులో గేజి పెట్టిస్తే 33 కాస్తా 37 చూపిస్తుంది. ఎక్కువైందని నాలుగు తీయించేస్తారు. మన దగ్గర జరిగే పొరపాట్లలో పెద్దది ఇదే. స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు, అంటే మూడు గంటలైనా ఆగి ఉన్న కారుకు. ఆ టైరు చల్లారాక 29 దగ్గరికి దిగుతుంది. అదే గాలి 35 డిగ్రీల నుంచి డిసెంబరు తెల్లవారుజామున 13 డిగ్రీలకు వస్తే ఇంకో మూడు పోయి 26 అవుతుంది. ఇక్కడికీ 25 శాతం లెక్కన లైటు వెలగదు. పంక్చరు లేకపోయినా రబ్బరులోంచి, వాల్వులోంచి నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ జారుతూనే ఉంటుంది. చివరికి ఓ చలి ఉదయం లైటు వెలిగితే, ఎండెక్కాక ఆరిపోతే, సెన్సారు పాడైందనుకుంటారు. సెన్సారు చెప్పింది నిజమే. తప్పు మే నెలలో జరిగింది. నైట్రోజన్ నింపించినా ఈ లెక్క మారదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్, వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి.

గాలి తగ్గితే మైలేజీ పోతుందని అందరూ అంటారు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే పోయేది 0.2 శాతం. ఎనిమిది తగ్గితే 1.6. అది పెద్ద నష్టమేమీ కాదు. భయపడాల్సింది వేడికి. మెత్తబడ్డ సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది, ఆ వంగుడు వేడిగా మారుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద వాటి ట్రెడ్ ఊడి 200 మందికి పైగా చనిపోయారు. తయారీ లోపాలతోపాటు ఆ బండికి ఫోర్డ్ సూచించిన 26 పీఎస్‌ఐ తక్కువన్న వాదన కూడా నడిచింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన చట్టమే టైరు ప్రెషరు హెచ్చరికను తప్పనిసరి చేసింది. 1986లో పోర్షే 959 అనే ఖరీదైన కారులో మొదలైన వసతి 2007 సెప్టెంబరుకల్లా అక్కడి ప్రతి కొత్త కారుకూ చేరింది. గాలి బాగా తగ్గిన టైర్లతో బండ్లు తిరిగే అవకాశం దీనివల్ల 55.6 శాతం తగ్గిందని అక్కడి రహదారి భద్రతా సంస్థ తేల్చింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఉంది.

వానాకాలపు లెక్క వేరు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు ఏ వేగంలో నీటి మీద తేలిపోతుందో నాసా ఇంజనీర్లు 1960ల్లో విమానాల కోసం ఒక సూత్రం కట్టారు. ఆ వేగం పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 33 పీఎస్‌ఐకి గంటకు 96 కిలోమీటర్లు, 24.75కి 83. ట్రెడ్ లోతును బట్టి కారు టైర్లలో అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ దిశ మాత్రం అదే. లైటు వెలగకముందే మీ భద్రత హద్దు పదమూడు కిలోమీటర్లు కిందికి జారింది.

లైటు వెలిగాక ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి. నిలకడగా వెలిగితే గాలి తక్కువ. నిమిషం పైగా మిణుకుమిణుకుమని తర్వాత నిలిస్తే వ్యవస్థలోనే లోపం. గాలి తగ్గిన 20 నిమిషాల్లోపు చెప్పాలని అమెరికా నిబంధన. 60 వేగంలో అది 20 కిలోమీటర్లు, అంటే అప్పా జంక్షన్‌లో మొదలైన లీకు చిల్కూరు చేరేదాకా తెలియకపోవచ్చు. పంక్చర్ షాపులో టైరు విప్పేముందు వాల్వు దగ్గర సెన్సారు ఉందని చెప్పండి. చెప్పకపోతే టైరును రిమ్ము నుంచి విడదీసేటప్పుడు అది విరిగిపోవచ్చు. స్టెప్నీని కూడా ఈ వ్యవస్థ కనిపెట్టుకుని ఉంటుందనుకోవద్దు, చాలా కార్లలో దానికి సెన్సారు ఉండదు.

ఇదే బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపు నుంచి కూరగాయలతో, పూలతో గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తెల్లవారకముందే పరుగెత్తే చిన్న ట్రాలీలున్నాయి. కార్ల కంటే ఎక్కువ బరువు మోసే ఆ టైర్ల గురించి హెచ్చరించే లైటు వాటిలో కనిపించదు.

మన దేశంలో 2020 అక్టోబరు నుంచి ఒక నిబంధన ఉంది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు సరిచేసే కిట్, ఈ ప్రెషరు వ్యవస్థ ఉన్న కారుకు స్టెప్నీ లేకపోయినా చెల్లుతుంది. అంటే కంపెనీకి స్టెప్నీ తీసేయడానికి ఇది అనుమతి పత్రమైంది కానీ, కొనేవారికి హక్కు కాలేదు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్‌ను 2019 ఏప్రిల్‌ నుంచి తప్పనిసరి చేశారు. చుట్లు లెక్కించే సెన్సార్లు అప్పటి నుంచీ చవక వేరియంట్ చక్రాల్లోనూ ఉన్నాయి. రెండో రకం హెచ్చరికకు వాటి మీద కావాల్సింది ప్రధానంగా సాఫ్ట్‌వేరే. కేంద్ర రవాణా శాఖ దీన్ని ప్రతి కారుకూ తప్పనిసరి చేయాలి. ఆ రోజు వచ్చేదాకా నెలకోసారి, ఉదయం బండి తీయకముందు, సొంత గేజితో నాలుగు టైర్లూ స్టెప్నీ చూసుకోండి.