కంటిపువ్వుకు విరుగుడు వెదకు చదువు

కోతలు ముమ్మరమైన దినములలో త్రిపురారమునుండి మిర్యాలగూడకు పోవు త్రోవను చూచినవారికి, రోడ్డు అంచున టార్పాలిన్లపై ఆరబోసిన వడ్లును, వానిని ఫ్యానుగాలికి తూర్పారబట్టు స్త్రీపురుషులును, ఆ గాలిలో లేచి సాయంకాలపుటెండలో మెఱయు ఊకధూళియు కనబడని చోటుండదు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము, లాల్ బహదూరు కాలువ యనబడు తన ఎడమకాలువతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టనేలలను మాగాణములుగ మార్చినది. మిర్యాలగూడ బియ్యపుమిల్లుల పట్టణమైనది. వరి పండు దేశమున కెల్ల పంటతోపాటు వచ్చు బాధ యొకటి కలదు. ఆ బాధకును, విశ్వవిద్యాలయములలో డాక్టరేటు పుచ్చుకొన్న పిమ్మట కొందఱు యువకులు సాగించు పరిశోధనకును గల సంబంధము మన పల్లెలలో చాలమందికి తెలియదు గనుక, దానిని కొంచెము వివరముగ చెప్పదలచినాను.

కనుగ్రుడ్డు ముందుభాగమున గడియారపు అద్దమువలె అమరియుండు పారదర్శకమైన పొరను వైద్యులు కార్నియా యందురు. దాని మందము రమారమి అరమిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు. అవి లేకుండుటయు తోడ్పడుటచేత వెలుతురు దానిగుండ నిరాటంకముగ లోనికి పోవును. ఆ పొరను వరియాకు అంచు గీచినను, ఊక గుచ్చుకొన్నను గాయము గోరంతయే. కాని ఆ ఊకను, ఆ మట్టిని ఆశ్రయించియుండు ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజుజాతులు గాయములో పాదుకొన్నచో కొలదిదినములకే పుండు పడును. ఆరంభదశలో నాటామైసిన్ చుక్కలతో నయము కాగల ఈ పుండు, పసరు పోయుటతోను, చనుబాలు పిండుటతోను, మందులదుకాణములో అడిగి తెచ్చుకొన్న స్టెరాయిడు చుక్కలతోను కాలము గడచినకొలది లోతునకు దిగి, మానిన తరువాతను తెల్లనిమచ్చ నొకదానిని విడిచిపోవును. మనవారు దానినే కంటిలో పువ్వు వేసినదందురు. పువ్వు పడిన కన్నునకు వెలుతురు తెలియును గాని ఎదుటిమనిషి తెలియడు.

మచ్చ ముదిరిన కన్నునకు సాధారణముగ వైద్యులు చేయగలది, మరణించిన దాతనుండి ఆఱు గంటలలోపల సేకరించిన కార్నియాను అమర్చుట. అట్టి కార్నియాలు కావలసినవారికెల్ల దొరకుట లేదు. దొరికినవానిలోను కొన్ని, దాత వయస్సుచేతనో వ్యాధిచేతనో, అమర్చుటకు తగిన నాణ్యము లేనివై మిగిలిపోవుచున్నవి. ఈ మిగిలిపోయిన పొరలే మన రాజధానిలో జరిగిన యొక అపూర్వప్రయత్నమునకు ముడిసరకులైనవి.

గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థయు, సంగారెడ్డి చేరువ కందిలో నున్న ఐ.ఐ.టి. హైదరాబాదును, హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనకేంద్రమగు సి.సి.ఎం.బి.యు కలిసి, త్రీడీ ముద్రణపద్ధతిని ఒక కార్నియాను తయారుచేసి, కుందేలు కంటిలో అమర్చినట్లు 2022 ఆగస్టులో ప్రకటించినవి. పని జరుగు తీరు ఇట్టిది. దాతలిచ్చిన పొరలోని జీవకణములనన్నిటిని మొదట కడిగివేయుదురు. అప్పుడు కొల్లాజెన్ అను మాంసకృత్తుతో అల్లిన వల మాత్రము మిగులును. ఆ వలను పెప్సిన్ అను జీర్ణకారక ఎంజైముతో కరగించి ద్రవముగ చేసి, అందు కంటికి సంబంధించిన మూలకణములను కలిపి, సన్నని సూదిమొనగుండ పొరమీద పొరగ ముద్రింతురు. చల్లగ నున్నంతసేపు ప్రవహించు ఆ ద్రవము శరీరపు వేడి తగిలినంతనే గట్టిపడి జెల్లీవలె నిలుచును. కావలసిన వెడల్పుతో, కావలసిన మందముతో దానిని పోసికొనవచ్చును. మనుష్యులయందు పరీక్షించుటకు ముందు జరుగవలసిన తదుపరి కృషికి విజయవాడలోని శ్రీ పద్మావతీ వేంకటేశ్వర ఫౌండేషను ధనసహాయము చేయుటకు ముందుకు వచ్చినది.

ఇట్టి వార్త పత్రికలలో వచ్చినప్పుడు వైద్యుల పేర్లును, ఆచార్యుల పేర్లును మనకు కనబడును, కనబడుట న్యాయమే. కాని ఏ ప్రయోగశాలకు పోయి చూచినను, ముద్రించిన పొర పారదర్శకముగ నిలుచునా, కుట్టు వేసినచోట చిరుగునా, అందలి కణములు వారము గడచినను బ్రతికియుండునా యని రాత్రింబవళ్ళు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి పరీక్షించువారు పి.హెచ్‌డి. విద్యార్థులును, ఆ పట్టా చేతికి వచ్చిన పిమ్మట మఱి రెండుమూడేండ్లు పరిశోధనకే తమ్ము నర్పించుకొను పోస్ట్‌డాక్టరల్ ఫెలోలును. పి.హెచ్‌డి. విద్యార్థి గురువు వేలు పట్టుకొని నడచును. పోస్ట్‌డాక్ అట్లు గాక తానే ప్రశ్నను ఎన్నుకొని, తానే పరికరమును కూర్చి, తన వెనుకవారికి పని నేర్పుచు, స్వతంత్రశాస్త్రజ్ఞుడగుటకు సంసిద్ధుడగును. యంత్రవిద్యను వైద్యమునకు వినియోగించు జీవవైద్య ఇంజనీరింగులో ఈ దశ మఱింత అవసరము. ఏలయన, ఇంజనీరింగు చదివినవానికి శరీరము తెలియదు, జీవశాస్త్రము చదివినవానికి యంత్రము తెలియదు. రెండును తెలిసినవాడు పుట్టుట ఈ సంధికాలముననే.

శరీరమునకు యంత్రవిద్య చేయగల మేలేమో హైదరాబాదు లోగడ చూడకపోలేదు. క్షిపణులకై తయారైన తేలికపదార్థమును చూచిన నిమ్స్ వైద్యుడొకరు అబ్దుల్ కలాముగారిని తమ ఆసుపత్రికి తోడ్కొనిపోగా, అచట ఆయన మూడేసి కిలోల లోహపు కాలిపర్లను ఈడ్చుకొనుచు నడచు పిల్లలను చూచి, మూడు వారములలో మూడువందల గ్రాముల కాలిపర్లు చేయించి యిచ్చిన వృత్తాంతమును కలాముగారే పలుమార్లు చెప్పియున్నారు. అన్ని పనులు మూడు వారములలో ముగియవు. తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థవారు చేసిన హృదయకవాటము, మొదటి నమూనాలన్నియు విఫలములైన పిమ్మటగాని 1990 డిసెంబరులో రోగికి అమరలేదు. అంతకాలము జీతము తక్కువయైనను బల్లను విడువనివారు కావలెను.

ఇక అవకాశముల మాట. ఐ.ఐ.టి. హైదరాబాదులో జీవవైద్య ఇంజనీరింగునకు ప్రత్యేకశాఖ కలదు. ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలోను ఈ విద్యకు శాఖ యున్నది. పరిశోధకుని చేర్చుకొను మార్గములు ముఖ్యముగ రెండు. ఆచార్యునకు మంజూరైన ప్రాజెక్టులో రీసెర్చి అసోసియేటుగ చేరుట మొదటిది. దీనికి కేంద్రప్రభుత్వము 2023 జనవరి 1 నుండి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలుగ మూడు అంతస్తుల భృతిని నిర్ణయించినది, ఇంటియద్దె అదనము. తన పేరనే ఫెలోషిప్పు తెచ్చుకొనుట రెండవది. మునుపు సెర్బ్ అను కేంద్ర విజ్ఞాన, ఇంజనీరింగు పరిశోధనమండలి ఇచ్చుచు, ఇప్పుడు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషను ఇచ్చుచున్న జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పు రెండేండ్లది. సాధారణముగ ముప్పదియైదేండ్లు దాటనివారు అర్హులు, స్త్రీలకును వెనుకబడిన, దళిత, గిరిజనవర్గములవారికిని వయస్సులో సడలింపు గలదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖయు, లండనులోని వెల్‌కమ్ ట్రస్టును కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్సుకు కార్యస్థానము హైదరాబాదే. వైద్యజీవశాస్త్రములలో దేశమునందలి గౌరవప్రదములైన ఫెలోషిప్పులు అచటినుండియే వెలువడుచున్నవి. అయినను మన జిల్లా కళాశాలలలో ఈ పేర్లు విన్న విద్యార్థులు ఎందఱుందురు?

కష్టములను దాచుట ధర్మము కాదు. ముప్పది దాటిన వయస్సున, పెండ్లియు పిల్లలును తల్లిదండ్రుల పోషణమును ఒక్కసారి మీదబడు వేళ, రెండేండ్లకు మించి భరోసా లేని కొలువు ఇది. నెలనెల రావలసిన భృతి కొన్నిచోట్ల నెలలకొలది ఆగిపోవుట మన దేశమున తఱచు వినబడు ఫిర్యాదు. ఈ అన్యాయము మానవలెను. ప్రసవమునకై విరామము తీసికొన్న స్త్రీకి తిరిగి ప్రయోగశాల తలుపు తెఱచుకొనుట కష్టముగనే యున్నది. ఈ లోపములను సరిదిద్దక, మనవారు అమెరికాకు పోవుచున్నారని వాపోవుట నిష్ప్రయోజనము. అచటను జె-1 వీసాపై పోయిన పరిశోధకునికి గడువు అయిదేండ్లే.

ఈ మార్గమున పోయినవారిలో తెలుగువాడు మఱువరానివాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున పుట్టి, సంగ్రహణివ్యాధికి సోదరుని పోగొట్టుకొని, హార్వర్డు చేరి, 1925లో అచటి శాస్త్రజ్ఞుడు ఫిస్క్‌తో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొన్నారు. 1930లో పి.హెచ్‌డి. వచ్చిన తరువాత పదేండ్లు అచటనే శాశ్వతమైన స్థానము లేక చిన్నపదవులలో పనిచేసిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థకు పోయిన పిదప ఆయన నడపిన పరిశోధకబృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయగా, సోదరుని బలిగొన్న వ్యాధికే అది ఔషధమైనది. ఇంటిబాధను ఎఱిగినవాడు ప్రయోగశాలకు పోయినచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు తెలియదు.

అందుచేతనే సాగరు ఆయకట్టు పల్లెలలో చదివి, పరిశోధనపట్టా చేతికి రానున్న యువతీయువకులకు నా విన్నపము ఒక్కటి. ఉద్యోగప్రకటన పడువఱకు వేచియుండవలదు. సిద్ధాంతవ్యాసమును సమర్పించిన నాడే, మీకు నచ్చిన ప్రయోగశాల ప్రచురించిన వ్యాసములను నాలుగింటిని శ్రద్ధగ చదివి, మీ ఊరిలో మీరు కన్నులార చూచిన జబ్బు నొకదానిని గూర్చి ఏమి చేయదలచితిరో ఒక పుటలో వ్రాసి, ఆచార్యునకు పంపుడు. తల్లిదండ్రులారా, ఆ బిడ్డకు మఱి రెండేండ్లు గడువిండు. పెండ్లిమాటలను, ఉద్యోగపు మాటలను అంతవఱకు ఆపుడు.