105, 107, 130

మూడేళ్ళ కిందట ఉగాదికి సాల్మియాలో ఒక మిత్రుడి ఇంట్లో చేరాం. పచ్చడి తిని మొహం చిట్లించిన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఫ్లాష్‌తో ఫోటో తీశాను. రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, మిత్రుడి రెండేళ్ళ పాపకి ఒక కన్ను అందరిలాగే ఎర్రగా, రెండోది పిల్లి కన్నులా తెల్లగా మెరుస్తోంది. ఎక్కడో చదివింది గుర్తొచ్చి, వెంటనే కంటి డాక్టరుకి చూపించమని ఫోన్ చేశాను. రెటినోబ్లాస్టోమా అన్నారు. కంటి లోపలి తెరకి పసితనంలో వచ్చే కేన్సరు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కన్ను తీసేయాల్సి వచ్చింది, పాప దక్కింది.

"మా వైపు గానీ, మా ఆవిడ వైపు గానీ ఎవరికీ లేదండీ, ఎలా వచ్చింది?" అని అడిగాడతను. జవాబు వెతకబోయి, ప్రోగ్రాములు రాసుకునే నేను ప్రోటీన్ల లోకంలో పడ్డాను.

మన కణాల్లో కొన్ని ప్రోటీన్లు కాపలాదార్లు. వేళ కాని వేళ కణం రెండుగా చీలకుండా పట్టి ఉంచుతాయి. అందులో ఒకటి ఆర్‌బీ. దాని పేరు ఈ జబ్బు నుంచి వచ్చిందే. జన్యువు 1986లో దొరికింది. ప్రోటీను సంగతి బయటపెట్టింది మాత్రం, విచిత్రంగా, ఒక జలుబు వైరసు.

అడినోవైరసు పెరగాలంటే కణం చేత డీఎన్‌ఏ నకళ్ళు తీయించాలి. కాపలాదార్లు ఒప్పుకోరు. అందుకని ఇ1ఏ అనే ప్రోటీన్ని పంపి వాళ్ళ చేతులు కట్టేస్తుంది. అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఎడ్ హార్లో బృందం ఈ ఇ1ఏనే గాలంగా వాడింది. ముందు కణాలకి రేడియోధార్మికత ఉన్న ఎమైనో ఆమ్లం తినిపిస్తారు. తర్వాత మంచు మీద ఉంచి, మెత్తని సబ్బు లాంటి ద్రావణంతో పగలగొడతారు. ఘాటు సబ్బయితే పట్టుకున్న చేతులు వదిలేస్తాయి. ఇ1ఏని మాత్రమే పట్టే యాంటీబాడీని చిన్న చిన్న పూసలకి తగిలించి అందులో కలిపితే, పూసలతో పాటు ఇ1ఏ, దాన్ని అంటుకున్నవీ అడుక్కి దిగుతాయి. మిగతా చెత్త పోయేదాకా కడగడమే! ఆ కడగడంలోనే ఉంది ఓర్పంతా. చివరికి జెల్లు మీద పరిగెత్తిస్తే చిన్నవి దూరం పోతాయి, పెద్దవి వెనకబడతాయి; ఎక్స్‌రే ఫిల్ము మీద చారలు పడతాయి. అవి ఎవరో తెలియదు కనక బరువే పేరయింది: 300, 107, 105, 60. కువైట్‌లో మనం సివిల్ ఐడీ నంబర్లం అయినట్టే.

1988లో ఆర్‌బీ మీద తయారుచేసిన యాంటీబాడీలు 105 చారని గుర్తుపట్టాయి. వైరసు కట్టేస్తున్నది, ఈ కంతుల్లో లోపించినది ఒకటే! 107 జన్యువు 1991లో, 130 జన్యువు 1993లో దొరికాక, ముగ్గురూ అన్నదమ్ములని తేలింది.

మరి ఒకడు పోతే మిగతా ఇద్దరూ ఎందుకు ఆదుకోరు? ఎలుకలో ఆదుకుంటారు. ఎలుక కంటి తెరలో ఆర్‌బీ ఒక్కటే తీసేస్తే కంతి రాదు, 107 కూడా పోతే వస్తుంది. మనిషి కంట్లో 107 ఆ బరువు మోయలేదు.

ఆర్‌బీ జన్యువు మనకి రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కంతి రావాలంటే రెండూ చెడాలని 1971లోనే నూడ్సన్ లెక్కగట్టాడు. సుమారు నూటికి నలభై మంది పిల్లల్లో మొదటి లోపం పుట్టుకతోనే ఉంటుంది. అందులోనూ చాలామందికి అది తల్లిదండ్రుల్లో లేనిదే, కొత్తగా వచ్చిందే. కాబట్టి "మా వంశంలో లేదు" అన్నది ఏ సంగతీ తేల్చదు; రక్తం పరీక్ష చెయ్యాలి. తర్వాత పుట్టబోయే బిడ్డ సంగతి కూడా దాని మీదే ఆధారపడుతుంది.

పాప రక్తంలో లోపం కనపడలేదు. రెండు దెబ్బలూ ఆ కంట్లోని ఏదో ఒక్క కణానికే తగిలి ఉంటాయన్నారు డాక్టర్లు. అయినా కిందటేడు పుట్టిన తమ్ముడి కళ్ళు కూడా చూశారు. బాగున్నాయి.