చెమట పట్టని సేద్యం

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి తుపాకుల మోత, కార్ల వేగం, చివర్లో "గేమ్ ఓవర్" అన్న అక్షరాలు. కానీ గెలుపోటముల గొడవ లేని ఆటలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో మనం చేసేదల్లా మొక్కలకు నీళ్ళు పోయడం, చేపలు పట్టడం, ఇరుగుపొరుగు వాళ్ళను పలకరించడం. పగలంతా పనిచేసి అలసిపోయిన మనిషి రాత్రి కూర్చుని మళ్ళీ పనిలాంటి ఆట ఎందుకు ఆడతాడు? రైతు బిడ్డను గనక ఈ ప్రశ్న నన్ను కొంచెం ఎక్కువగానే పట్టుకుంది.

నిరుడు పరీక్షల ముందు మా హాస్టల్ గదిలో మిత్రుడొకడు లాప్‌టాప్‌లో "స్టార్‌డ్యూ వ్యాలీ" ఆడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పొలం గట్టు తొక్కని పట్నం కుర్రాడు తెరమీద నేల తవ్వి విత్తనాలు వేస్తుంటే నాకు నవ్వాగలేదు. "ఒరేయ్, సెలవులకు మా ఊరు రా, నిజంగానే తవ్విస్తా" అన్నాను. వాడేం మాట్లాడకుండా లాప్‌టాప్ నా ముందుకు జరిపాడు. గంటన్నర తరువాత గానీ నేను తల ఎత్తలేదు. ఇంటి దగ్గర కలుపు తీయమంటే కడుపునొప్పి తెచ్చుకునే నేను, అక్కడ ఒక్క గడ్డిపరక మిగల్చలేదు!

ఈ ఆటల పుట్టుక తెలిస్తే విషయం కొంత అర్థమవుతుంది. 1996లో జపాన్‌లో "హార్వెస్ట్ మూన్" తయారు చేసిన యసుహిరో వాడా పల్లెలో పెరిగి టోక్యో చేరినవాడు. తను వదిలి వచ్చిన పల్లెను తలుచుకుని ఆ ఆట చేశాడు. 2001లో "యానిమల్ క్రాసింగ్" తెచ్చిన కత్సుయా ఎగుచి కూడా ఉద్యోగం కోసం అయినవాళ్ళను విడిచి క్యోటో వెళ్ళినవాడే. ఆ ఒంటరితనంలోంచే తన ఆట పుట్టిందని చెప్పుకున్నాడు. "హార్వెస్ట్ మూన్" మీద ఇష్టంతో ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు, బొమ్మలూ సంగీతమూ ప్రోగ్రామూ అన్నీ తనే చేసుకుంటూ నాలుగేళ్ళకు పైగా శ్రమపడి, 2016లో "స్టార్‌డ్యూ వ్యాలీ" విడుదల చేశాడు. 2024 చివరికి అది 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది.

ఇక ఆటలోకి వద్దాం. తాత రాసిచ్చిన పొలానికి మనం చేరతాం. మొదటిరోజే 15 పార్స్‌నిప్ విత్తనాలు ఊరికే ఇస్తారు. అది ముల్లంగిలాంటి ఒక దుంప. రోజూ నీళ్ళు పోస్తే 4 రోజుల్లో చేతికొస్తుంది. విత్తనం ఖరీదు 20, దుంప అమ్మితే 35. ఏడాది పొడుగునా అదే రేటు. ఒకరోజు నీళ్ళు పోయడం మరిచిపోతే మొక్క చావదు, ఆ రోజుకు పెరగదు, అంతే. రేపటి వాన సంగతి టీవీ చెబుతుంది, చెప్పినట్టే పడుతుంది. కాకులు వస్తాయి గానీ దిష్టిబొమ్మ పెడితే పొలం జోలికి రావు. "యానిమల్ క్రాసింగ్"లో అయితే ఇల్లు కట్టుకోవడానికి అప్పు కూడా ఇస్తారు. దానికి వడ్డీ లేదు, గడువు లేదు!

మనస్తత్వ శాస్త్రవేత్త చిక్‌సెంట్‌మిహాయ్ 1975లోనే ఒక మాట చెప్పాడు. పని మన శక్తికి మించితే ఆందోళన, మరీ తేలికైతే విసుగు, రెండూ సరితూగితే ఒళ్ళు మరిచి లీనమైపోతాం. ఈ ఆటల్లో పని ఎంత పెట్టుకోవాలో ఆడేవాడే నిర్ణయించుకుంటాడు. చేసిన పని ఫలితం వెంటనే కళ్ళకు కనిపిస్తుంది. 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు "యానిమల్ క్రాసింగ్" ఆడేవాళ్ళను పరిశీలిస్తే, ఎక్కువసేపు ఆడినవాళ్ళు కాస్త ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. అయితే సైన్సు విద్యార్థిగా ఒక హెచ్చరిక: ఆట వల్ల సంతోషం కలిగిందా, సంతోషంగా ఉన్నవాళ్ళే ఆడారా అన్నది దీన్నిబట్టి తేలదు.

పొలం బొమ్మ ఉన్నంత మాత్రాన ప్రతి ఆటా విశ్రాంతినివ్వదు. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన "ఫార్మ్‌విల్"లో వేళకు వచ్చి కోయకపోతే పంట వాడిపోయేది. 2020 డిసెంబరు 31న మూతపడే దాకా ఎంతోమందిని అది గడియారం చూపించి తిప్పుకుంది. అది విశ్రాంతి కాదు, జీతం లేని పాలేరుతనం.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఈ ఆటను ఫోన్‌లో మా నాన్నకు చూపించాను. మాది పల్నాడు, మూడెకరాల కౌలు మీద మిరప వేస్తాం. కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు చూశాడు.

"మిరప ఉందా ఇందులో?"

"ఉంది నాన్నా. అయిదు రోజుల్లో కాపు, తర్వాత మూడు రోజులకొక కోత."

"మూడు రోజులకొక కోతా? కూలోళ్ళు ఎక్కడ దొరుకుతార్రా?" అని పెద్దగా నవ్వాడు. తర్వాత "కౌలెంత?" అన్నాడు. లేదన్నాను. "తెగులు?" లేదన్నాను. "రేటు?" ఎప్పుడూ ఒకటేనన్నాను. ఫోన్ నా చేతికిచ్చి, "ఇట్టాంటి సేద్యమైతే నేను ముసలాణ్ణయినా మాననురా" అని తోటకు బయల్దేరాడు.

2021లో నల్ల తామరపురుగు పడి మా తోటలో పూత మొత్తం రాలిపోయింది. ఆ ఏడు నాన్న రాత్రిళ్ళు వసారాలో కూర్చునే ఉండేవాడు. పని ఎక్కువై కాదు, చేసిన పనంతా ఏమవుతుందోనన్న దిగులుతో.

అప్పుడు నాకు అర్థమైంది. ఈ ఆటలు మనకు విశ్రాంతినిచ్చేది పని లేకుండా చేసి కాదు, పనిలోంచి భయం తీసేసి. నిలకడైన రేటు, నమ్మదగిన వాన కబురు, వడ్డీ లేని అప్పు. ఇవేమీ మంత్రాలు కావు. మద్దతు ధర, వాతావరణ సూచన, పంటల బీమా, రుణం అనే పేర్లతో మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. కాకపోతే కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మా మిరప లేదు.

కనక మిత్రులారా, పరీక్షల వేడిలో ఓ అరగంట ఆ పొలానికి నీళ్ళు పెట్టుకుంటే తప్పులేదు. నేనూ పెడుతున్నాను. లాప్‌టాప్ మూసేశాక మాత్రం ఇంటికి ఫోన్ చేసి, తోట ఎలా ఉందని అడుగుతున్నాను. ఇదివరకు అడిగేవాణ్ణి కాదు.