యాసంగి వరి: పంట కాలం ముందుకు జరగాలంటే ఊరంతా కలిసి కదలాలి

జగిత్యాల ప్రాంతపు వరి రైతుకు యాసంగి కోతల కాలమే ఇప్పుడు అత్యంత ప్రమాదకరమైన దశగా పరిణమించింది. పంట చేతికందే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే వడగళ్ల వానలు కురిసి, పండిన గింజను గంటలోపే నేలపాలు చేస్తున్నాయి. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర తెలంగాణలో వరి, మొక్కజొన్న, మామిడి ఈ విధంగానే దెబ్బతిన్నాయి. నాడు రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు రూ.10,000 సాయం ప్రకటించి, కౌలు రైతులను కూడా అందులో చేర్చింది. ఆ సాయం అవసరమే. కాని అది నష్టం జరిగిన తరువాతి మాట. నష్టానికి ముందే గ్రామం ఏమి చేయగలదన్నది విస్తరణ శాస్త్రవేత్తలు ఆలోచించవలసిన విషయం.

ఆలస్యపు యాసంగికి మరో నష్టం కూడా ఉంది. గింజ గట్టిపడే దశలో ఎండలు ముదిరితే బియ్యంలో పగుళ్లు ఏర్పడి, మిల్లులో నూక శాతం పెరుగుతుంది. అందువల్లనే యాసంగి ధాన్యాన్ని ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చే పద్ధతి స్థిరపడింది. 2021-22లో ఉప్పుడు బియ్యం సేకరణపై ప్రతిష్టంభన ఏర్పడినప్పుడు, కోత తేదీకి, మార్కెట్‌కు ఉన్న సంబంధం రైతులందరికీ అనుభవంలోకి వచ్చింది.

పరిష్కారం సాంకేతికంగా కొత్తది కాదు. నవంబరు మొదటి పక్షంలో నారు పోసి, డిసెంబరు మూడవ వారంలోగా నాట్లు ముగిస్తే, 135 రోజుల్లో కోతకు వచ్చే రకం మార్చి నెలాఖరుకు ఇల్లు చేరుతుంది. డిసెంబరు చలిలో నారు ఎర్రబారి ఎదగకపోవడమనే సమస్య కూడా తగ్గుతుంది. అయితే పొలం అక్టోబరు చివరికే ఖాళీ కావాలి. వానాకాలంలో 150 రోజుల సాంబ మసూరి వేసిన మడిలో ఇది సాధ్యం కాదు. జూన్‌లో విత్తిన 120-125 రోజుల రకాలతోనే సాధ్యమవుతుంది. అంటే యాసంగి ప్రణాళిక వానాకాలపు విత్తనం కొనక ముందే మొదలు కావాలి.

ఇంత తెలిసినా ఆచరణ ఎందుకు మందగించింది? గొల్లపల్లి వంటి మండలాన్ని దృష్టిలో ఉంచుకొంటే కారణం స్పష్టమవుతుంది. బావి, బోరు ఉన్న రైతు తన ఇష్టం వచ్చినప్పుడు నారు పోసుకోగలడు. కాలువ నీటిపై ఆధారపడిన రైతు నీటి విడుదల తేదీకి కట్టుబడి ఉంటాడు. ఒక్కడే ముందుగా వేస్తే పక్షులు, ఎలుకలు ఆ ఒక్క మడిపైనే పడతాయి. చుట్టూ పచ్చని మళ్లుండగా కోతయంత్రం లోపలి పొలానికి చేరలేదు. ధాన్యం కల్లానికి వచ్చినా కొనుగోలు కేంద్రం తెరచి ఉండదు. కనుక పంట కాలాన్ని మార్చడం ఒక రైతు తీసుకోగల నిర్ణయం కాదు. అది గ్రామం యావత్తూ తీసుకోవలసిన నిర్ణయం.

ఇందుకు ఈ ప్రాంతంలోనే ఒక పూర్వానుభవం ఉంది. ఉల్లికోడు ఉధృతంగా ఉన్న కాలంలో పొలాస పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు వంటి తట్టుకొనే రకాలను అందించింది. ఆలస్యంగా నాటిన పొలాల్లో ఆ పురుగు ఎక్కువగా ఆశిస్తుంది కాబట్టి, రకంతో పాటు సకాలపు నాట్లు కూడా అవసరమయ్యాయి. విత్తనం సంచిలో ఇవ్వగలం. తేదీని అలా ఇవ్వలేం.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారి, నీటిపారుదల సిబ్బంది, సహకార సంఘం, మహిళా సంఘాలు, కోతయంత్రాల యజమానులు, కౌలు రైతులు కలిసి కూర్చోవాలి. ఏ కాలువ కింద ఏ రకం వేయాలి, నారు ఎప్పుడు పోయాలి, నీరు ఎప్పుడు కావాలి, కొనుగోలు ఎప్పుడు మొదలవ్వాలి అనే నాలుగు తేదీలను వెనుక నుంచి ముందుకు లెక్కించి రాసుకోవాలి. నాట్లన్నీ ఒకే వారంలో పడితే కూలీల కొరత తప్పదు. వెదజల్లే పద్ధతి దానిని తీర్చడమే గాక 7-10 రోజుల కాలాన్ని కూడా ఆదా చేస్తుంది. కాని నాటు వేసే మహిళలు కూలి కోల్పోతారు. వారి మాట వినకుండా చేసిన ప్రణాళిక గ్రామ ప్రణాళిక అనిపించుకోదు.

ఇంత చేసినా మార్చి వడగళ్ల ముప్పు పూర్తిగా తొలగదు, తగ్గుతుంది. అందువల్ల ప్రతిస్పందన కూడా ముందే నిర్ణయమై ఉండాలి. వాతావరణ హెచ్చరిక ఎవరికి చేరాలి, టార్పాలిన్లు ఎక్కడ ఉంటాయి, పంట నష్టాన్ని ఎవరు నమోదు చేయిస్తారు అన్నవి పేర్లతో సహా రాసి ఉంచాలి. పడిపోయిన పైరులో నీటిని వెంటనే తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారి చేస్తే గింజ మొలకెత్తడం తగ్గుతుంది. కేంద్రానికి తెచ్చే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. ఆరబెట్టే స్థలం కూడా సన్నద్ధతలో భాగమే.

విద్యార్థులు గ్రామానుభవ కార్యక్రమంలో రకాల ప్రదర్శనతో ఆగక, ఆ గ్రామపు తేదీల పట్టికను రైతులతో కలిసి తయారు చేయాలి. మరుసటి ఏడాది వెళ్లే బృందం ఏ తేదీ నిలబడిందో, ఏది తప్పిందో, ఎందుకు తప్పిందో నమోదు చేయాలి. గ్రామ సన్నద్ధతను కొలవడానికి అంతకంటే సరళమైన కొలమానం లేదు.